పొలమారిన పూట

తెనాలి,
11 నవంబరు 2024

సుమయాకి,

అల్లా దయవల్ల ఇక్కడ అందరం కులాసా. నువ్వక్కడ వేళకి తింటున్నావని అనుకుంటూ రాస్తున్నాను.

నిన్న నువ్వు ఫోను చేస్తే మీ మామయ్య "అంతా బానే ఉందమ్మా" అని పెట్టేశాడట. ఆయనకి ఇల్లు తగలబడుతున్నా బానే ఉంటుంది. అందుకే కాగితం అందుకున్నాను. టైఫాయిడుతో చెవులు పోయిన దగ్గర్నుంచి ఫోను నాకు సబ్బుబిళ్లతో సమానం. మెసేజీలు పెడతావా, ఆ చీమ అక్షరాలు నా కంటికి ఆనవు. మన వీధి ప్రేమకుమారి టీచరు రోజూ రైల్లో బాపట్ల వెళ్లొస్తుంది కాబట్టి ఇక మన టపా ఆవిడే. నువ్వూ పెద్ద అక్షరాలతో రాయి.

నీ కొడుకు ఫహీం నా కొంగు వదలడం లేదు. మొదట్లో "అమ్మీ ఏది" అని గుమ్మం దగ్గర కూర్చునేవాడు. ఇప్పుడు పొద్దున లేస్తే కొట్టులోకి పరుగు, కొత్త పరుపుల మీద దొర్లాట. మూడేళ్లు నిండకుండానే పరుపు మెత్తగా లేదని తాతకి పేర్లు పెడుతున్నాడు.

నువ్వు పంపిన వేరుశనగ ఉండలు అందాయి. నిన్న సాయంత్రం ఒకటి చేతికిస్తే ఇల్లంతా తిరుగుతూ, నవ్వుతూ కొరికాడు. పొలమారింది. ఊపిరాడక మొహం కందగడ్డలా అయింది, కళ్లమ్మట నీళ్లు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. "మీ అమ్మ తలుచుకుంటోందిరా" అని తల మీద తట్టాను. కాసేపటికి సర్దుకుని మళ్లీ ఉండ కోసం చెయ్యి చాపాడు. మామయ్య మగ్రిబ్ నమాజుకి వెళ్తున్న వేళ అది. నిజం చెప్పు, ఆ వేళ తలుచుకున్నావా లేదా?

దువాలతో,
అత్తమ్మ జమీలా


బాపట్ల,
13 నవంబరు

పూజ్యులైన అత్తమ్మకి సలాములు.

మీ ఉత్తరం చదివి వంటగది వెనక్కి వెళ్లి ఏడ్చాను. బాధతో కాదు. ఆ సాయంత్రం హాస్టల్లో హాజరు వేస్తూ ఫాతిమా అని పిలవాల్సింది ఫహీం అన్నాను. అమ్మాయిలంతా నవ్వారు. తలుచుకున్న మాట నిజమే అత్తమ్మా. నా తలపు అంత దూరం వెళ్లి వాడికి తగిలిందంటే ఆ పూట నాకు కడుపు నిండింది.

స్పంజి పరుపులొచ్చి మన దూది కొట్టుని కూర్చోబెట్టకపోతే, మీ అబ్బాయి రేపల్లెలో, నేను ఇక్కడ, బిడ్డ మీ దగ్గర ఇలా తలోచోటా ఉండేవాళ్లమా? ఈ మేట్రన్ ఉద్యోగంలో పిల్లల్ని ఉంచుకోనివ్వరు, నెలకో ఆదివారం తప్ప సెలవు లేదు. వచ్చే ఏడాది పర్మనెంట్ చేస్తామన్నారు. అప్పటిదాకా పళ్లబిగువున లాగుతాను.

ఇక్కడి ఇసక నేలల్లో వేరుశనగ కొత్త పంట వచ్చింది. హాస్టలు పిల్లల ఇళ్ల నుంచి బస్తాలు దిగుతున్నాయి. టీచరుగారితో ఇంకో డబ్బా ఉండలు పంపుతున్నాను. వాడు తినే వేళకి మళ్లీ తలుచుకుంటాను, చెప్పండి.

మీ కోడలు
సుమయా


తెనాలి,
19 నవంబరు

సుమయాకి,

కంగారుపడకుండా చదువు. ఫహీంకి దగ్గు పట్టుకుంది. వినపడక నాకు తెలియలేదు. వాడి దగ్గు నాకు భుజాలు ఎగరడంగానే కనపడుతుంది కదా. పక్కింటి అనంతలక్ష్మి వచ్చి నా చేతిమీద గిల్లి, నోరు పెద్దగా తెరిచి చెప్పింది: "పిన్నిగారూ, మీ మనవడికి పిల్లికూతలండీ! వీధిలోకి వినపడుతున్నాయి!"

అప్పుడు వాడి వీపుమీద అరచెయ్యి ఆనించాను. కుడిపక్క కింద ఏదో గిజగిజమంటోంది. ఎడమపక్క మామూలుగా ఉంది. రెండుమూడు సార్లు చూశాను, అంతే. సెంటర్లో పిల్లల డాక్టరు దగ్గరికి మామయ్యా నేనూ తీసుకెళ్లాం. జలుబు గుండెల్లోకి దిగింది, చలికాలం పిల్లలకి మామూలేనని సిరప్ రాశాడు. కుడిపక్క సంగతి చెప్పమన్నాను మామయ్యని. చెప్పాడో, "బానే ఉంది" అన్నాడో నాకేం తెలుసు.

పిల్లికూతలన్న మాట విని వీడు తన లోపల పిల్లి దూరిందనుకున్నాడు. చొక్కా ఎత్తి పొట్ట మీద కొట్టుకుంటూ "పో, పో" అంటున్నాడట. నిన్న నా గ్లాసులో పాలు సగం తాగి, మిగతాది పిల్లికని ఉంచాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వాము నూనె రాస్తున్నాను. స్నానం అయ్యాక సాంబ్రాణి వేస్తున్నాను. తగ్గుతుందిలే.

అత్తమ్మ


బాపట్ల,
21 నవంబరు

అత్తమ్మకి సలాములు.

తగ్గుతుందిలే అంటే నాకెలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. ఇక్కడ పక్కన పడుకున్న అమ్మాయి దగ్గినా లేచి కూర్చుంటున్నాను.

ఫోనులో చూశాను. హాస్టలుకొచ్చే నర్సమ్మని అడిగాను. పిల్లలకి ఇలా రావడానికి జలుబు ఒకటి, దుమ్ము ఒకటి, పొగ ఒకటి, దోమల చక్రం, పిల్లి బొచ్చు, ఇంటి వంశంలో ఉబ్బసం ఉంటే అదీ. మన ఇంట్లో వీటిలో లేనిదేదీ నాకు కనపడలేదు. కొట్టులో దూది ఏకే మిషను తిరుగుతుంటే వాడు పరుపుల మీద దొర్లుతున్నాడని మీరే రాశారు. నేను మురిసిపోయి చదివాను, బుద్ధి లేక. వాడిని కొట్టు గడప తొక్కనివ్వకండి. చక్రాలు వెలిగించకండి. ఇంట్లో పొగ పెట్టడం ఇవాళే మానెయ్యండి.

ఆదివారం నా సెలవు. వస్తున్నాను.

సుమయా


తెనాలి,
25 నవంబరు

సుమయాకి,

నిన్న నువ్వు వచ్చి అన్న మాటలన్నీ నాకు వినపడలేదు. అది నా అదృష్టం అనుకో. కానీ నీ మొహం చూశాను, చేతులు చూశాను. సాంబ్రాణి గిన్నె వీధిలోకి విసిరావు. మా అత్త ఇచ్చిన గిన్నె అది, నీ మొగుడికీ దాంతోనే ధూపం వేశాను.

నీ ఉత్తరం మళ్లీ తీసి చదివాను. "పొగ పెట్టడం మానెయ్యండి" అని రాశావు. ఈ ఊళ్లో పొగ పెట్టడమంటే ఏంటో నీకూ తెలుసు, నాకూ తెలుసు. మనిషిని ఇంట్లోంచి సాగనంపడానికి చేసే పని. నేను నీకు పొగ పెట్టి బాపట్ల తోలేశానని కదా నీ మనసులో ఉంది? ఉద్యోగం వస్తే "వెళ్లమ్మా, పిల్లాడిని నేను చూసుకుంటా" అన్నందుకు నాకు దక్కిన మాట ఇది.

అయినా మిషను ఆపించాను. పెళ్లిళ్ల సీజన్లో మామయ్య కొట్టు మూసి గుమ్మంలో కూర్చున్నాడు. పక్కింటి పిల్లిని తరిమాను. డాక్టరు ఇప్పుడు ఉబ్బసం మొదలు కావచ్చన్నాడు, మూతికి మాస్కు తగిలించి ఆవిరి మందు పట్టించాడు. పట్టినంతసేపూ నా చెయ్యి వాడి వీపు మీదే ఉంది. కుడిపక్క గిజగిజ తగ్గలేదు. అదే చోటు, సుమయా. జరగడం లేదు.

జమీలా


బాపట్ల,
27 నవంబరు

అత్తమ్మకి,

సాంబ్రాణి పొగ అంటే సాంబ్రాణి పొగే. మీరు ఇంకో అర్థం తీస్తే నేనేం చెయ్యను? నా బిడ్డకి ఊపిరి ఆడటం లేదు, మాటలకి అర్థాలు వెతుక్కునే ఓపిక నాకు లేదు.

ఊపిరితిత్తులు రెండు పక్కలా ఉంటాయి, జలుబైనా ఉబ్బసమైనా రెండు పక్కలా చేస్తుంది. కుడిపక్క, కుడిపక్క అని ప్రతి ఉత్తరంలోనూ రాస్తున్నారు. చెవులు వినపడని మీకు పిల్లికూతలు ఎటునుంచి వస్తున్నాయో ఎలా తెలుస్తుంది? దయచేసి ఆ మాట వదిలెయ్యండి. డాక్టర్ని కంగారుపెట్టకండి.

మీ అబ్బాయితో మాట్లాడాను. ఫహీంని తీసుకుని రేపల్లె వెళ్లండి. ఆయన గదిలో దూది లేదు, పొగ లేదు, పిల్లి లేదు. అక్కడ తగ్గిందంటే ఇక తెనాలి ఇంటికి వాడిని పంపను. ముందే చెబుతున్నాను.

ఇక్కడ అర్ధ సంవత్సరం పరీక్షలు. వదిలి వస్తే ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నాకు దిక్కు తోచడం లేదు.

సుమయా


రేపల్లె,
3 డిసెంబరు

సుమయాకి,

నీ మాట గుచ్చుకుంది. గుచ్చుకున్నా పిల్లాడిని ఎత్తుకుని రేపల్లె వచ్చాను. నీ మొగుడు మున్నా గది శుభ్రంగా ఉంది. సంబరపడ్డాను, మందులకి తగ్గంది చోటు మారితే తగ్గుతుందని. నువ్వు గెలిచి నేను ఓడిపోతేనే బాగుండునని నమాజులో అడిగాను.

తగ్గలేదు. పెరిగింది. మొన్నటినుంచి జ్వరం. ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నాయి. అన్నం ముట్టడం లేదు. ఒళ్లో పడుకుని నా చెయ్యి లాక్కుని తనే వీపు మీద పెట్టుకుంటున్నాడు. దూది లేదు, పొగ లేదు, పిల్లి లేదు. ఇక ఎవర్ని తిట్టుకుందాం చెప్పు?

ఇవాళ ఇక్కడ కరుణశ్రీ అనే డాక్టరమ్మకి చూపించాం. గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. మున్నాని ఏదో అడిగింది, వాడు తల అడ్డంగా ఊపాడు. బయటికొచ్చాక నా అరచేతిలో వేలితో రాసి చెప్పాడు: పిల్లాడు ఏమైనా మింగాడా అని అడిగిందట. గుండీ గానీ, పూస గానీ, చిల్లర గానీ. మింగలేదని చెప్పాడట. నిజమే కదా, పరుపుల కొట్టులో సూదులుంటాయని నేను వాడి నోటిని ఎప్పుడూ కనిపెట్టుకునే ఉంటాను. సూది కాదు కదా, పూచికపుల్ల కూడా పోనివ్వలేదు. ఎక్సరే ఫొటో తీయించింది. అందులో ఏమీ కనపడలేదు. రేపు మళ్లీ రమ్మంది.

ఉద్యోగం పోతే పోయింది, నువ్వు వచ్చెయ్యి. ఈ మాట ఇదివరకే రాయాల్సింది. పౌరుషానికి పోయి రాయలేదు. బాపట్ల వైపు సరుకు వేసుకెళ్తున్న ఏసుబాబు ఆటోలో ఈ ఉత్తరం పంపుతున్నాను.

జమీలా


బాపట్ల స్టేషన్,
4 డిసెంబరు

అత్తమ్మా,

మీ ఉత్తరం అందింది. రైలు కోసం చూస్తూ రాస్తున్నాను. ఈపాటికి మీ అబ్బాయి ఫహీంని అంబులెన్సులో గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్తూ ఉంటారు. మీకు ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు, గదిలో ఒక్కరే ఉండి ఉంటారు. ఈ కాగితం టీచరుగారు తెనాలిలో దిగి మామయ్యకిస్తారు, ఆయన రేపల్లె తెచ్చి మీకిస్తారు.

పొద్దున టిఫిన్ దగ్గర ఝాన్సీ అని ఒక పిల్ల మాట్లాడుతూ తింటుంటే పొలమారింది. పక్క పిల్ల తల మీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నారే నిన్ను!" అంది. అందరూ నవ్వారు. నా చేతిలో గరిటె జారిపోయింది.

మీరు రాసిన మొదటి ఉత్తరం అత్తమ్మా. వేరుశనగ ఉండ. మొహం కందగడ్డ. అమ్మ తలుచుకుంటోంది.

వెంటనే మీ అబ్బాయికి ఫోను చేశాను. "మింగలేదు, పొలమారింది! డాక్టరమ్మకి ఆ మాట చెప్పండి!" అని అరిచాను. ఆయన డాక్టరమ్మకే ఫోనిచ్చారు. ఏ రోజు, ఏం తింటుండగా, తర్వాత దగ్గు ఎప్పుడు మొదలైంది అని అడిగింది. "ఒక పక్కే కూత ఉందని నాకు అనుమానంగానే ఉందమ్మా. మీరంతా ఏమీ మింగలేదంటే ఆగాను. గింజ ఊపిరి గొట్టంలోకి పోయి ఉంటుంది, అది ఎక్సరేలో కనపడదు, ఇక క్షణం ఆగొద్దు" అంది.

ఒక పక్కే, అత్తమ్మా. మీరు మొదటినుంచీ చెబుతున్న పక్కే. మీ చెవుల్ని ఎత్తిపొడిచిన ఈ నోరు పడిపోతే బాగుండును.

వాడికి నా తలపు తగిలిందని మురిసిపోయాను. తగిలింది నేను పంపిన గింజ. మురిసిపోయి ఇంకో డబ్బా కూడా పంపాను. రైలు వస్తోంది. దువా చెయ్యండి. ఆపకండి.

సుమయా


తెనాలి,
6 డిసెంబరు

అమ్మాయీ,

మామయ్య వచ్చి నీ కాగితం ఇచ్చి, చదివేదాకా ఎదురుగా నిలబడ్డాడు. తర్వాత నన్ను తెనాలి తీసుకొచ్చాడు. దారిలో ఏదో అంటున్నాడు. "బానే ఉంటుంది" అని పెదాల మీద తెలిసింది. జీవితంలో మొదటిసారి ఆ మాట నిజం కావాలని కోరుకున్నాను.

వేరుశనగ పంపింది నువ్వని ఏడుస్తున్నావు. పంపితే పెట్టింది ఎవరు? పరుగెత్తే పిల్లాడి చేతికి ఇచ్చింది ఎవరు? పొలమారితే తల మీద తట్టి, లోపలికి దిగేదాకా "అమ్మ తలుచుకుంటోంది" అని కబుర్లు చెప్పింది ఎవరు? ఆ చేత్తోనే ఇన్నాళ్లూ వాడి వీపు తడుముతున్నాను. అక్కడ ఉందని నా చేతికి తెలుసు, ఏముందో తెలిసే బుద్ధి నాకు లేకపోయింది. సూదిని కనిపెట్టుకున్నాను, పూసని కనిపెట్టుకున్నాను. తినే గింజ మీద నాకెందుకు అనుమానం వస్తుంది?

మత్తు ఇచ్చి గొట్టం వేస్తారని మామయ్య రాసి చూపించాడు. అంత చిన్న గొంతులో ఏం గొట్టం పడుతుంది తల్లీ? వాడు భయపడితే చెయ్యి కోసం వెతుక్కుంటాడు. వీపు మీద చెయ్యి పెట్టు. కుడిపక్క.

నేను గుంటూరు రాను. నన్ను చూస్తే నీకు కోపం రావాలి, వస్తుంది కూడా. రెండో డబ్బా మూత తీయకుండా అలాగే ఉంది. అటక మీద నుంచి తీసి ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. నాకు ముద్ద దిగడం లేదు.

జమీలా


గుంటూరు,
8 డిసెంబరు

అత్తమ్మా,

బయటికి వచ్చింది.

ముందు ఆ మాట రాశాను, ఇక నిదానంగా చదవండి. జ్వరానికి రెండు రోజులు మందెక్కించాక, నిన్న లోపలికి తీసుకెళ్లేటప్పుడు వాడు నా గాజులు పట్టుకుని వదల్లేదు. తలుపు వేశాక నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను, మీ అబ్బాయి నేల మీద కూర్చుండిపోయారు. ప్రాణం పోయిందని ఎవరైనా వచ్చి చెబుతారేమో అని తలుపు వైపు చూడలేకపోయాను.

డాక్టరు చిన్న సీసాలో పెట్టి చూపించాడు. వేరుశనగ బద్ద, అర ముక్క. నానిపోయి ఉబ్బి ఉంది. కుడివైపు ఊపిరి గొట్టంలో ఇరుక్కుందట. మందులకి ఎందుకు తగ్గలేదో అప్పుడు అర్థమైంది. చుట్టూ చీము పట్టింది, ఇంకో వారం గడిస్తే ఏమయ్యేదో చెప్పలేమన్నాడు. నాలుగైదేళ్లు వచ్చేదాకా గింజలు పెట్టకండి, తింటూ పరుగెత్తనివ్వకండి అన్నాడు. నేను తల ఊపుతూనే ఉన్నాను.

జ్వరం దిగింది. కూతలు లేవు. లేచి మొదట అడిగిన మాట "పిల్లి పోయిందా?" పోయిందన్నాను. "పాలు తాగకుండా పోయిందా?" అని బాధపడ్డాడు.

ఇవాళ పొద్దున పాలు పడుతుంటే పొలమారింది. నర్సుని కేకేశాను. ఆవిడ చూసి "పాలేనమ్మా, ఏం కాలేదు" అని నవ్వింది. అప్పుడు ఏడున్నర. మా హాస్టలు పిల్లలు కూడా తలుచుకుని ఉండరు ఆ వేళ, పరీక్షకి చదువుకుంటూ ఉంటారు. ఎవరు తలుచుకున్నారో నాకు తెలుసు.

ఊపిరి రెండు పక్కలా బాగా ఆడుతోందని డాక్టర్లు గొట్టం పెట్టి చెప్పారు. నేను నమ్మలేకపోతున్నాను అత్తమ్మా. నా చెయ్యి ఆనిస్తే నాకేమీ తెలియడం లేదు. మీరు వచ్చి ఒకసారి అరచెయ్యి పెట్టి చూడండి. మీరు బాగుందంటేనే నాకు నిద్ర పడుతుంది. రాను అనకండి. నాకు కోపం ఉంది, అది మీ మీద కాదు.

మీ
సుమయా


తెనాలి,
9 డిసెంబరు

సుమయా,

ఈ కాగితం మామయ్య పొద్దున బస్సుకి తెస్తాడు. నేను మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను. ఆయనతోనే రావచ్చు, కానీ వాడికి ఇష్టమైన జావ కాచి, చల్లారాక డబ్బాలో పోసి తేవాలి. ఆ డబ్బా ఉండలూ అనంతలక్ష్మి చేత మున్సిపాలిటీ బండిలో పోయించాను. ఇక ఈ గడపలోకి గింజ రాదు.

వీధిలో పడ్డ సాంబ్రాణి గిన్నె తెచ్చి పెట్టుకున్నాను. పొగకి కాదు. దాన్లో నీళ్లు పోసి గుమ్మంలో పెట్టాను, తరిమేసిన పిల్లి తిరిగొస్తే తాగుతుందని.

నిన్న పొద్దున ఏడున్నరకి తలుచుకున్నది నేనే. ఇకనుంచి వాడు తినే వేళల్లో తలుచుకోనులే.

అత్తమ్మ